వట్టివేరు: నల్లగొండ, పాలమూరు మెట్టల తోట గడ్డి

వట్టివేరు ఏళ్ల తరబడి బతికే దుబ్బు గడ్డి. శాస్త్రనామం క్రైసోపోగాన్ జిజానియోయిడెస్. తెలుగునాట కురువేరు, అవురుగడ్డి అన్న పేర్లు కూడా ఉన్నాయి. ఆయుర్వేద గ్రంథాల్లో ఇది ఉశీరం, హైదరాబాదు వాడుకలో ఖస్. ఎండకాలంలో కిటికీలకు కట్టే తడికలుగానో, చలివేంద్రం కుండల్లో వేసే వేళ్లుగానో అందరికీ తెలిసినదే. నేల మీద పెరుగుతున్న మొక్కను గుర్తుపట్టగలిగేవాళ్లు మాత్రం కొద్దిమందే. అమ్మకానికి వచ్చేదీ, వాసన ఇచ్చేదీ వేరు కావడం వల్ల పై గడ్డి ఎవరి కంటా పడలేదు. మనిషెత్తు దాటి లేచి, కొసల దగ్గర విల్లులా వంగి, వానలు వెనకబట్టాక ఒక్కోసారి ఊదారంగు కంకులు వేసే ఈ దుబ్బు తోటకు ఎంత నిండుదనం ఇస్తుందో చూసినవాళ్లకే తెలుస్తుంది.

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతం. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనతో మొదటిది నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విడిపోయింది. రెండోదాని నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట జిల్లాలు ఏర్పడ్డాయి. కృష్ణ, మూసీ, డిండి పారే సీమే అయినా కాలువ కింది ఆయకట్టు వదిలితే మిగిలినదంతా వాన మీదా, బోరు మీదా ఆధారపడ్డ నేల. ఇలాంటి చోట ఇంటి ముందు గడ్డి పెంచాలనుకునేవారికి మొదట చెప్పవలసిన పేరు వట్టివేరు. నర్సరీల్లో కుండీలకెత్తి అమ్మే పరదేశపు గడ్డులకు లేని మూడు గుణాలు దీనికి ఉన్నాయి. ఇది మన నేలదే, విత్తనంతో పొలాలకు ఎగబాకదు, నాటిన చోట మట్టిని వదలదు.

మొక్క తీరు

గడ్డి కుటుంబమైన పోయేసీలో పానికోయిడే ఉపకుటుంబం, ఆండ్రోపోగొనే తెగ దీనివి. జొన్న, మొక్కజొన్న, చెరకు, నిమ్మగడ్డి ఈ తెగవే. వాటిలాగే వట్టివేరు కూడా సీ4 పద్ధతిలో కిరణజన్య సంయోగక్రియ జరుపుతుంది. మండుటెండలో కూడా తక్కువ నీటితో ఆహారం తయారుచేసుకోగలగడం, నీడలో మాత్రం నీరసించిపోవడం ఈ పద్ధతి వల్లనే. కణాల్లో క్రోమోజోముల సంఖ్య 20.

దుబ్బు మొదలు దగ్గర కూర్చుని చూస్తే దీన్ని ఇతర గడ్డుల నుంచి విడదీయడం సులభం. పిలకలు గుండ్రంగా ఉండవు. ఆకు తొడుగులు అటూ ఇటూ నొక్కినట్టు చదునుగా, ఒకదానిలో ఒకటి దూరి, మూసిన విసనకర్రలా పేర్చి ఉంటాయి. అక్కడి నుంచి లేచే ఆకు సన్నగా, బిరుసుగా, నడి ఈనె దగ్గర లోపలికి మడిచినట్టు ఉంటుంది. పొడవు 30 నుంచి 100 సెంటీమీటర్లు, వెడల్పు సెంటీమీటరు లోపు. అంచు మీద కంటికి ఆనని రంపపు పళ్లుంటాయి. కొస నుంచి మొదలు వైపు వేలు జరిపితే కోసుకుంటుంది. ఆకు నలిపి వాసన చూడాలి: నిమ్మగడ్డి అయితే చేతికి వాసన అంటుకుంటుంది, వట్టివేరు అయితే పచ్చిగడ్డి వాసన తప్ప ఏమీ ఉండదు. పరిమళమంతా కిందే.

పూతకొచ్చే కాడ రెండు మీటర్లు, నీరు బాగా దొరికితే అంతకన్నా ఎత్తు లేస్తుంది. దాని చివర 15 నుంచి 40 సెంటీమీటర్ల కంకి. కణుపుకణుపు దగ్గర వలయాలుగా సన్నని కొమ్మలు, కొమ్మల మీద జంటలుగా చిరుకంకులు. జంటలో కాడ లేనిది ద్విలింగ పుష్పాన్ని, కాడ ఉన్నది మగ పుష్పాన్ని మోస్తాయి. చిరుకంకి పొట్టు మీద పొట్టి ముళ్ల వంటి నూగు ఉంటుంది. ఇదే ప్రజాతికి చెందిన క్రైసోపోగాన్ ఫుల్వస్ దక్కను గుట్టల మీద పశువుల మేతగా సహజంగా పెరుగుతుంది. దాని కంకి బంగారు ఛాయలో ఉంటుంది కనుక రెండింటినీ పక్కపక్కన చూస్తే పొరపాటు పడే అవకాశం లేదు.

అసలు విశేషం వేళ్లలో ఉంది. పీచువేళ్లే అయినా పక్కలకు పాకవు, దాదాపు నిటారుగా కిందికి దిగుతాయి. వదులు నేలలో రెండు మూడు మీటర్ల లోతుకు పోవడం మామూలే. ఇంత లోతు చెలక నేలల్లో అన్నిచోట్లా రాదు. అడుగు రెండడుగుల మట్టి కింద మొరం, దాని కింద గ్రానైటు రాయి ఉండే తావుల్లో వేళ్లు మొరాన్ని చీల్చుకుని దిగి, రాతి మీద పరుచుకుని ఆగిపోతాయి. అయినా దుబ్బును గాలి పడగొట్టలేదు, వరద పెకలించలేదు. వేరు తెగే బలం సగటున 75 మెగాపాస్కళ్లని థాయి ఇంజనీరు దితి హెంగ్‌చావొవానిచ్ పరీక్షల్లో తేలింది. ఇది మెత్తని ఉక్కు బలంలో ఆరో వంతుకు దగ్గర.

మరో గుణం కట్టలకు, గట్లకు సంబంధించింది. వరద మోసుకొచ్చిన మట్టి మొదలును కప్పేస్తే చాలా మొక్కలు కుళ్లిపోతాయి. వట్టివేరు మాత్రం పూడిన కణుపుల దగ్గర కొత్త వేళ్లు వేసి, కొత్త మట్టం మీదికి పిలకలు లేపుతుంది. ఏటా మట్టి చేరుతున్న కొద్దీ దుబ్బు కూడా పైకి జరుగుతూ పోతుంది.

పేరు పెట్టిన వైనం

లినేయస్ 1771లో దీన్ని ఫలారిస్ జిజానియోయిడెస్ పేరుతో నమోదు చేశాడు. తర్వాత ఆండ్రోపోగాన్ ప్రజాతిలోకి, 1903లో నాష్ చేతుల మీదుగా వెటివేరియా ప్రజాతిలోకి మారింది. 1960లో రోబెర్తీ క్రైసోపోగాన్‌లో కలిపాడు. పాత పుస్తకాల్లోనూ, నూనె వ్యాపారంలోనూ ఇప్పటికీ వెటివేరియా జిజానియోయిడెస్ అన్న పేరే కనిపిస్తుంది. రెండూ ఒక మొక్కే.

ఉత్తరాది, దక్షిణాది రకాలు

పుట్టిల్లు భారత ఉపఖండం. గంగా మైదానంలోనూ, రాజస్థాన్ భరత్‌పూర్ పరిసరాల పల్లపు నేలల్లోనూ సహజంగా పెరిగే ఉత్తరాది రకం ఏటా పూసి, మొలకెత్తే విత్తనం ఇస్తుంది. దక్షిణాదిలో తరతరాలుగా పిలకలతో పెంచుకుంటూ వచ్చిన రకం అరుదుగా పూస్తుంది, పూసినా గింజ దాదాపు పట్టదు. కాండం కాస్త లావు, ఆకు వెడల్పు, వేరుకు కొమ్మలు తక్కువ. నూనెలో కూడా తేడా ఉంది. ధ్రువిత కాంతిని ఉత్తరాది నూనె ఎడమకు తిప్పితే దక్షిణాది నూనె కుడికి తిప్పుతుంది.

తోటకు ఈ తేడా చాలా ముఖ్యం. విత్తనం రాలని రకం పెట్టుకుంటే పక్క పొలానికి కలుపు బెడద ఉండదు. 1990ల్లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఆడమ్స్, మార్క్ డాఫోర్న్ వివిధ దేశాల నుంచి నమూనాలు తెప్పించి డీఎన్‌ఏ పోల్చి చూశారు. దక్షిణాసియా బయట నేల కోత ఆపడానికి పెంచుతున్న వట్టివేరు చాలామట్టుకు ‘సన్‌షైన్’ అనే ఒకే క్లోను సంతతని తేల్చారు. గింజ లేకుండా, మనిషి చేతి నుంచి మనిషి చేతికి పిలకగా మారుతూ ఇన్ని దేశాలు చేరిన మొక్క ఇది.

లక్నోలోని కేంద్ర ఔషధ సుగంధ మొక్కల సంస్థ, అంటే సీమ్యాప్, నూనె దిగుబడి కోసం అనేక రకాలు విడుదల చేసింది. కేఎస్-1, ధరిణి, గులాబీ, కేసరి, సిమ్-వృద్ధి, సిమ్-సమృద్ధి వాటిలో కొన్ని. పెరటి అందానికీ, కట్ట రక్షణకూ వీటి అవసరం లేదు. గింజ పట్టని నాటు దక్షిణాది పిలక చాలు.

ఈ నేల, ఈ వాన

దక్షిణ తెలంగాణలో ఏటా సగటున 600 నుంచి 750 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు కొద్ది రోజుల్లోనే కుండపోతగా కురుస్తుంది. మధ్యలో మూడు నాలుగు వారాల ఎడతెగని వరపు. మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఎండ 45 డిగ్రీలు తాకడం కొత్త కాదు. గ్రానైటు అరిగి ఏర్పడ్డ ఎర్ర చెలకలు, దుబ్బ నేలలు నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచవు. పైగా మొదటి జోరువానకే పై పొర గట్టిపడి నీటిని లోపలికి ఇంకనీయదు. నీళ్లు పల్లానికి పరుగెత్తుతూ మట్టిని వెంట తీసుకుపోయి కుంటల్లో పూడికగా వేస్తాయి.

సహజంగా వాగు ఒడ్డున, తూము దిగువన పెరిగే నీటిపట్టు మొక్కకు ఇంత పొడి నేల ఎలా సరిపడుతుందని అడగడం సబబే. రెండు తీరులకూ తట్టుకునే శరీరం దీనిది. వారాల తరబడి నీటిలో మునిగినా చావదు, వేరు దిగాక నెలల తరబడి వాన లేకపోయినా చావదు. ఎండకు ఆకు కొసలు గోధుమరంగుకు తిరిగి, దుబ్బు ఎండినట్టే కనిపిస్తుంది. తొలకరి పడ్డ వారం పది రోజుల్లో మొదలు నుంచి పచ్చగా లేస్తుంది. ఎండు ఆకులకు నిప్పంటుకుని కాలిపోయినా నేలలోని మొదలు బతికే ఉంటుంది.

బోరు నీళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. ఈ జిల్లాల్లో చాలా ఊళ్లలో బోరు నీరు కఠినం, ఉప్పన, క్షారం. మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడు బాధ లోకమెరిగినదే. మల్లె, గులాబీ ఆకు పాలిపోయే ఇలాంటి నీటితో కూడా వట్టివేరు పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో పాల్ ట్రువాంగ్ గనుల వ్యర్థ నేలల మీద చేసిన పరీక్షల్లో, ఎరువు అందిస్తే, ఉదజని సూచిక 3.3 నుంచి 12.5 దాకా ఉన్న నేలల్లో ఇది బతికింది. అయితే బతకడం వేరు, నీటిని శుద్ధి చేయడం వేరు. కుండలో నాలుగు వట్టివేళ్లు వేస్తే నీళ్లకు వాసన, చల్లని రుచి వస్తాయి. కరిగి ఉన్న ఫ్లోరైడు పోదు. ఫ్లోరైడు ఊళ్లలో తాగే నీటికి దీన్ని మందుగా నమ్మకూడదు.

నాటడం

పిలకతోనే నాటాలి. ఏడాది దాటిన దుబ్బును చుట్టూ తవ్వి గడ్డపారతో లేపితే మొదలు ముద్దగా వస్తుంది. ఆకులను ముందే జానెడు ఎత్తుకు కోసుకోవాలి. ముద్దను నీళ్ల తొట్టిలో ఊరనిచ్చి మట్టి జార్చి, చేతితో విడదీయాలి. గట్టిగా అతుక్కున్న చోట చాకు పెట్టాలి తప్ప లాగకూడదు. లాగితే పిలక అడుగున ఉన్న తెల్లని మొగ్గ ఊడిపోతుంది, అది లేని పిలక వేరు పట్టదు. విడదీసిన పిలకలో ముదిరి ఎండిన కాడ ఉంటే తీసేయాలి. రెండు మూడు లేత పిలకలు కలిసిన జట్టు నాటడానికి మేలు. వేళ్లను నాలుగు వేళ్ల పొడవుకు కత్తిరించి, తడి గోనెలో చుట్టి నీడన పెడితే రెండు మూడు రోజులు చెడవు. వెంటనే నాటే తోవ లేకపోతే చిన్న ప్లాస్టిక్ సంచుల్లో మట్టీ, పెంట ఎరువూ కలిపి నాటి రెండు నెలలు పెంచాలి. ఇలా సంచిలో వేరు పట్టిన మొక్క పొలంలో పెట్టాక చచ్చిపోవడం చాలా తక్కువ.

కాలం మిరుగం. జూన్ 8 ప్రాంతంలో కార్తె మొదలై, నేల జానెడు తడిశాక నాటితే వానకాలమంతా వేరు దిగడానికి దొరుకుతుంది. ఒక్క వాన చూసి తొందరపడకూడదు. రెండో వాన పడ్డాక మొదలుపెట్టడం క్షేమం. సెప్టెంబరు దాటాక నాటినవి చలికి ఎదుగుదల మందగించి, వేరు దిగకముందే ఎండకాలాన్ని ఎదుర్కోవలసి వస్తుంది.

ఎడం దేనికోసం నాటుతున్నామన్నదాన్ని బట్టి మారుతుంది. ఒంటి దుబ్బు అందం కావాలంటే చుట్టూ మీటరున్నర వదలాలి. ప్రహరీ వెంట పచ్చని తెరలా కావాలంటే అడుగు ఎడం చాలు. గట్టు మీద కోత ఆపడానికైతే పది పదిహేను సెంటీమీటర్లకు మించకూడదు, అంటే మీటరు పొడవుకు ఏడు నుంచి పది జట్లు. గట్టు దగ్గర పిసినారితనం పనికిరాదు. ఒక్క సందు మిగిలినా వరదంతా ఆ సందులోంచే దూకి, అక్కడ గండి కొడుతుంది.

జానెడు లోతు గుంత తీసి, పిడికెడు మాగిన పశువుల ఎరువు వేసి, మొదలు నేల మట్టానికి రెండు వేళ్ల కిందికి వచ్చేలా పెట్టి మట్టిని కాలితో గట్టిగా తొక్కాలి. వేళ్ల చుట్టూ గాలి మిగిలితే పిలక ఎండుతుంది.

సాకడం

ఎండ పూర్తిగా తగలాలి, ఇందులో రాజీ లేదు. వేపచెట్టు కిందో, మేడ ఉత్తరపు నీడలోనో పెట్టిన వట్టివేరు సాగిలబడి, పిలకలు వేయక, మూడో ఏటికి పలుచబడి పోతుంది. ‘మొండి మొక్క, ఎక్కడైనా బతుకుతుంది’ అని చెప్పి అమ్మేవారు ఈ ఒక్క మాట చెప్పరు.

మొదటి రెండు నెలలు వాన ఎడమిస్తే నాలుగైదు రోజులకోసారి తడి ఇవ్వాలి. మొదటి ఎండకాలంలో వారానికోసారి పాదు నిండా నీళ్లు పోయాలి. రోజూ చెంబెడు చల్లడం కన్నా వారానికో బిందె పోయడం మేలు, తడి లోతుకు పోతేనే వేరు దాని వెంట దిగుతుంది. రెండో ఏటి నుంచి దీనికి నీటి చింత ఉండదు. పచ్చగా కనిపించాలన్న కోరిక ఉంటే మాత్రం ఏప్రిల్, మే నెలల్లో పదిహేను రోజులకో తడి చాలు.

మొదటి ఏడాది కలుపు తీయాలి. తుంగ, గరిక చేరితే లేత దుబ్బు మధ్యలోకి దూరి తర్వాత తీయడానికి రావు. రెండో ఏడాది నుంచి దుబ్బు తన నీడతోనే కలుపును అణిచేస్తుంది. ఎరువుగా ఏటా తొలకరికి తట్టెడు పెంట ఎరువు వేస్తే చాలు. యూరియా ఎక్కువైతే ఆకు మెత్తబడి వాలిపోతుంది, నిలువుదనంలో ఉన్న అందం పోతుంది.

కత్తిరింపు అన్నిటికన్నా ముఖ్యమైన పని. ఏటా రెండుసార్లు, మిరుగానికి ముందు ఒకసారి, సంక్రాంతి దాటాక ఒకసారి, నేల నుంచి 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తుకు కొడవలితో కోయాలి. కోస్తే కొత్త పిలకలు పుట్టి దుబ్బు చిక్కబడుతుంది. కోయకపోతే మధ్యలో ఎండాకు పేరుకుని, పిలకలు అంచులకే పరిమితమై, నడుమ బోడిగా మిగులుతుంది. సంక్రాంతి కోత వల్ల మరో మేలు కూడా ఉంది, ఎండకాలంలో నిప్పంటుకునే ఎండు గడ్డి ఇంటి పక్కన ఉండదు. చేతులకు తొడుగు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని కోయాలి. కోసిన గడ్డిని బత్తాయి, దానిమ్మ పాదుల్లో పరిస్తే తడి ఆరకుండా ఉంటుంది, త్వరగా కుళ్లదు కూడా. లేతాకును పశువులు తింటాయి. ముదిరిన ఆకును మేకలు కూడా ముట్టవు కనుక కంచె లేని గట్టు మీద కూడా మొక్క నిలుస్తుంది. నాటిన కొత్తలో ఒక సీజను మాత్రం మందల నుంచి కాపాడాలి.

మూడు నాలుగేళ్లకోసారి తోటలోని ఒంటి దుబ్బును లేపి విడదీసి తిరిగి నాటితే యవ్వనంగా ఉంటుంది. గట్టు మీది వరుసను మాత్రం ఎప్పుడూ కదపకూడదు.

చెలకల్లో ప్రధాన శత్రువు చెదలు. పచ్చి వేరును అంతగా ముట్టవు కానీ దుబ్బు నడుమ ఎండాకు ఉంటే అక్కడ పుట్ట పెడతాయి. కత్తిరింపు సక్రమంగా చేసి, నాటేటప్పుడు పచ్చి పేడ కాకుండా బాగా మాగిన ఎరువు వాడి, వేపపిండి కలిపితే చాలావరకు రావు. కాండం తొలిచే పురుగు అప్పుడప్పుడు వస్తుంది, నడి ఆకు ఎండి ఊడొస్తే అదే గుర్తు. మొదలంటా కోసి కాల్చేస్తే తగ్గుతుంది. ముసురు వానల్లో ఆకు మీద గోధుమరంగు మచ్చలు పడతాయి, ఎండ రాగానే వాటంతట అవే పోతాయి. తోటలో దీనికి పురుగుమందు కొట్టవలసిన అవసరం దాదాపు రాదు.

గట్టు మీద గడ్డి

నేల కోతకు వట్టివేరును అడ్డం పెట్టడం పుస్తకాల వాళ్లు కనిపెట్టింది కాదు. కర్ణాటకలో మైసూరు దిగువన గుండ్లుపేట రైతులు వందేళ్లకు పైగా పొలం హద్దుల్లో దీన్ని పెంచుతున్నారు. 1980ల్లో ప్రపంచబ్యాంకులో పనిచేసిన జాన్ గ్రీన్‌ఫీల్డ్, రిచర్డ్ గ్రిమ్‌షా ఈ పద్ధతిని పట్టుకుని ప్రచారంలోకి తెచ్చారు. గ్రీన్‌ఫీల్డ్ అంతకుముందు ఫిజీ చెరకు తోటల్లో దీన్ని వాడి చూసినవాడు. మెట్ట వ్యవసాయానికి నీటిపరీవాహక అభివృద్ధి పేరుతో ప్రపంచబ్యాంకు సాయంతో అప్పట్లో నడిచిన ప్రయోగ పథకానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న చోటు మహేశ్వరం. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సరిహద్దుకు కూతవేటు దూరంలో, అవే ఎర్ర చెలకల మీద ఉన్న ఊరు. కర్ణాటకలోని కబ్బాలనాల కూడా ఆ పథకంలోదే. పటాన్‌చెరు ఇక్రిశాట్ క్షేత్రంలో కూడా ఎర్ర నేలల మీద వట్టివేరు వరుసలు నాటి నీటి పారుదలను, మట్టి కోతను కొలిచారు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1993లో ఈ గడ్డి మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే ప్రచురించింది. థాయిలాండులో రాజు భూమిబల్ 1991 నుంచి దీన్ని దేశవ్యాప్తంగా నాటించాడు. మొదటి అంతర్జాతీయ వట్టివేరు సదస్సు 1996లో అక్కడి చియాంగ్ రాయ్‌లోనే జరిగింది.

పని జరిగే తీరు సూటిగా ఉంటుంది. వాలుకు అడ్డంగా, సమమట్టపు గీత వెంట వరుస నాటితే గట్టి కాడలు వరదను ఆపవు, వడపోస్తాయి. నీళ్లు నెమ్మదించి వరుసంతా పరుచుకుని దాటుతాయి, మట్టి వెనకే ఆగుతుంది. రాతి కట్టడం అయితే నిండాక పొర్లుతుంది. గడ్డి వరుస మట్టంతో పాటు పెరుగుతుంది. కొన్నేళ్లకు పైవైపు నేల మెట్టుగా తయారవుతుంది. మట్టికట్ట పోసి రాయి పేర్చడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే దీని ఖర్చు స్వల్పం. అయినా మన మెట్టల్లో ఇది పాతుకోలేదు. వానకాలంలో నాటి వదిలేసిన వరుస మొదటి ఎండకాలానికి పోతుంది. కరువు సీమలో తొమ్మిది నెలల పాటు పిలకకు నీళ్లు మోయడం పంటకు నీళ్లు లేని రైతుకు భారమే. అందుకే సంచుల్లో వేరు పట్టించిన మొక్కలను తొలకరికే నాటడం ఇక్కడ తప్పనిసరని నా నిశ్చితాభిప్రాయం. చెరువు కట్ట వెనకవైపు, మత్తడి పక్కలు, పంటకుంటల గట్లు, బత్తాయి తోటల వాలు తట్లు దీనికి తగిన తావులు. అక్కడ తడి ఉంటుంది కనుక మొదటి ఎండకాలం గండం కూడా గడుస్తుంది.

వేరు, నూనె

నాటిన పదిహేను నుంచి పద్దెనిమిది నెలలకు వేరు తీతకు వస్తుంది. కడిగి నీడన ఆరబెట్టాలి, ఎండలో పెడితే నూనె ఆవిరైపోతుంది. ఆవిరి బట్టీలో నూనె తీయడానికి పూట చాలదు, ఒక పగలూ రాత్రీ పడుతుంది. నూనెలోని పదార్థాలు బరువైనవి, నెమ్మదిగా ఆవిరవుతాయి. ఖుసిమోల్, ఆల్ఫా వెటివోన్, బీటా వెటివోన్ ముఖ్యమైనవి. వాసన ఒంటి మీద గంటల తరబడి నిలవడం ఈ బరువు వల్లనే. అత్తరు తయారీలో దీన్ని ఇతర పరిమళాలను పట్టి ఉంచడానికి వాడతారు. ప్రపంచ విపణికి నూనె ఎక్కువగా హైతీ నుంచి, తర్వాత ఇండోనేషియా జావా నుంచి వస్తుంది. వేరు లోతుకు వదులుగా దిగే ఇసుక నేలలు నూనె సాగుకు అనువైనవి. గట్టి చెలకల్లో వేరు తవ్వడం ఖర్చుతో కూడిన పని, సగం వేరు నేలలోనే తెగిపోతుంది. కనుక పాలమూరు చెలకల్లో నూనె పంటగా దీన్ని రైతులకు నూరిపోయడం మంచిది కాదు.

ఇంటి వాడుకకు మాత్రం తోవ ఉంది. పాత నీళ్ల డ్రమ్ముకు అడుగున బెజ్జాలు పెట్టి, ఇసుక రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, పశువుల ఎరువు ఒక పాలు నింపి రెండు జట్లు నాటాలి. ఏడాదిన్నరకు డ్రమ్మును పక్కకు వంచి నీళ్లు కొడితే మట్టి జారి, లేత పసుపు ఛాయలో చిక్కని వేరు జడ మొత్తంగా బయటపడుతుంది. కుండకు, బీరువాకు సరిపడా వేరు అందులోనే దొరుకుతుంది, పిలకలు మళ్లీ నాటుకోవచ్చు. చిన్న మట్టికుండీ పనికిరాదు, వేళ్ల ఒత్తిడికి పగులుతుంది. గట్టు మీద దుబ్బును వేరు కోసం తవ్వడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. తవ్విన గుంతే మొదటి వానకు గండి అవుతుంది.

వాడుకలు పాతవే. తడిపిన తడిక గుండా వచ్చే వడగాలి చల్లబడి, పరిమళిస్తూ లోపలికి వస్తుంది. అదే సూత్రం మీద నడిచే ఎయిర్ కూలర్లకు ఖస్ మెత్తలు హైదరాబాదు దుకాణాల్లో ఎండకాలంలో అమ్ముతారు. ఆయుర్వేదంలో ఉశీరాసవం, జ్వరానికి ఇచ్చే షడంగ పానీయం దీనితో చేసేవే. దాహాన్నీ, మంటనూ తగ్గించే ద్రవ్యంగా దీన్ని చెబుతారు.

తోటలో మిగతా గడ్డులు

అలంకరణకు నర్సరీలు ఇప్పుడు ఎక్కువగా అమ్మేది ఆఫ్రికా ఫౌంటెన్ గడ్డి. కంకి అందమైనదే. కానీ విత్తనం గాలికి కొట్టుకుపోయి ఎండు నేలలను ఆక్రమించి, నిప్పుకు ఆజ్యంగా మారుతుందని హవాయి దీవుల అనుభవం. యూరోపియన్ యూనియన్ 2017లో దాన్ని ఆక్రమణ జాతుల పట్టికలో చేర్చింది. అమ్రాబాద్ అడవి, నల్లమల గడ్డి మైదానాలు పక్కనే ఉన్న జిల్లాల్లో దాన్ని నాటడం ప్రమాదం. ఎర్ర ఆకుల సంకర రకం గింజ పట్టదు కనుక దానితో ఆ భయం లేదు. కృష్ణ, మూసీ ఒడ్డున శరత్తులో తెల్లగా పూసే రెల్లు ఒడ్డునే ముచ్చట, పెరట్లోకి వస్తే భూగర్భ కాండంతో పాకి వదలదు. నిమ్మగడ్డి పెరటికి మంచిదే, వట్టివేరు ముందు వరుసలో పొట్టి దుబ్బుగా బాగా కుదురుతుంది. వెనక వట్టివేరు, ముందు నిమ్మగడ్డి, అంచున గోరింట లేదా నేల మల్లె పెట్టిన తోట ఈ ఎండలకు నిలబడుతుంది.

పిలకల కోసం హైదరాబాదు శివారు బోడుప్పల్‌లోని సీమ్యాప్ పరిశోధన కేంద్రాన్ని అడగవచ్చు. ఊళ్లో పాత దుబ్బు ఉన్నవారి దగ్గర తీసుకోవడం ఇంకా సులువు. కొనేటప్పుడు మూడు విషయాలు చూసుకోవాలి. పిలక మొదలు చదునుగా ఉండాలి, ఆకు నలిపితే నిమ్మవాసన రాకూడదు, వేరు ఒకటి విరిచి తడిపితే తడిమట్టి వాసన తేలాలి. తల్లి దుబ్బుకు కంకి ఉంటే గింజ పట్టిందేమో నలిపి చూసి, పొట్టు మాత్రమే రాలితేనే తెచ్చుకోవాలి.